పాత జీపు కమాను కట్టలు – ఇంటివద్ద మరమ్మతు



మన కర్నూలు, కడప సీమలో దారులు మూడు విధములు. కోవెలకుంట్ల, నంద్యాల ప్రాంతములందు నల్లరేగడి. అది వానకు బురదయై, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపున నాపరాతి నేల. అది ఏ కాలమునను మెత్తబడదు. నల్లమల, పాలకొండల పొంతను కనుమ దారులు. గువ్వలచెరువు కనుమ దిగినవారికి ఆ మలుపుల సంగతి నేను చెప్పనక్కరలేదు. ఈ మూడింటిలో దేనిమీద పోయినను చక్రమునకు దెబ్బ తప్పదు. ఆ దెబ్బ నేరుగా మనుష్యుని వెన్నెముకకు దాకకుండ నడుమ నిలిచి భరించునది కమాను కట్ట. నేటి ప్రసంగమున దానిని గూర్చియు, అది చెడినపుడు మామూలు పనిముట్లతో ఇంటివద్ద ఎంతవరకు బాగుచేసికొనవచ్చునో, ఎచ్చట చేయి ఆపవలెనో దానిని గూర్చియు మనవి చేసెదను.

ముఖ్యముగా పాత జీపును ఉదాహరణముగా గైకొందును. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యమునకై పుట్టిన విల్లీసు జీపును స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి కాలమున మహీంద్రా సంస్థవారు బొంబాయిలో కూర్చి మన దేశమున వ్యాపింపజేసిరి. దాని నాలుగు చక్రములకును కమాను కట్టలే ఆధారము. ఉత్తరపారా కర్మాగారమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారునకు వెనుక చక్రములయందు ఇట్టి కట్టలే కలవు. కావున జీపును గూర్చి చెప్పిన మాటలలో పెక్కు దాని వెనుక భాగమునకును వర్తించును.

కమాను అనగా పారసీక భాషలో విల్లు. మన పెద్దలు కమానులుగల ఎద్దుబండిని విల్లుబండి యనిరి. రెండు భాషలవారును ఒకే పోలికను గ్రహించిరన్న మాట. విల్లును వంచి విడిచిన తన పూర్వరూపమునకు వచ్చును. ఈ గుణమునకు మన తర్కశాస్త్రమున స్థితిస్థాపకమని పేరు. అన్నంభట్టుని తర్కసంగ్రహము చదివినవారెరుగుదురు: సంస్కారము మూడు విధములు – వేగము, భావన, స్థితిస్థాపకము. భావన యనగా మనస్సున నిలిచిన జ్ఞాపకమునకు మూలము. స్థితిస్థాపకము వస్తువున నిలిచిన ఆకారపు జ్ఞాపకము వంటిది. చుట్టిన చాపను పరచిన మరల చుట్టుకొనుట దీని వలననే. ఇంగ్లండు దేశమున రాబర్టు హుక్కు అను శాస్త్రజ్ఞుడు 1678లో ఈ గుణమునకు ఒక లెక్క చూపెను. బరువు రెట్టింపైన వంపును రెట్టింపగును. బరువు తీసిన వంపు పోవును. కాని దీనికొక హద్దు కలదు. హద్దు దాటి వంచినచో వస్తువు తన పూర్వరూపమును మరచును. కుంగిన కమాను అట్టిది.

ఇక కమానును ఒకే మందపు పట్టీగా చేయక, పలుచని పట్టీలను కట్టగా ఏల పేర్చిరి? పట్టీ మందము పెరిగినకొలది దాని బిగువు మూడు మార్లు గుణించినట్లు పెరుగును. మందము రెట్టింపైన బిగువు ఎనిమిది రెట్లగును. మరియు ఎంత మందమైన పట్టీయో, అంతే వంపునకు దాని పైపొరమీద సాగుడు అంత ఎక్కువ. చీపురుపుల్లల కట్టను వంచవచ్చును. అంత లావుగల ఒక్క కఱ్ఱను వంచిన విరుగును. కావున పలుచని పట్టీలు పెక్కు చేరి బరువును పంచుకొనవలెను. ఒకేరీతి పట్టీలు ఐదు కలసి 100 పాళ్ళ బరువు మోయుచున్నవనుకొందము. ఒక్కొక్క దానికి 20 పాళ్ళు. ఒకటి విరిగిన తక్కిన నాలుగింటికి తలకు 25 పాళ్ళు. అనగా ప్రతిదానికిని నాలుగవవంతు భారము పెరిగెను. ఒక పట్టీ విరిగినను బండి నడచుచున్నదిగదా యని ఊరకున్నవారికి, కొన్నాళ్ళకే రెండవది ఏల విరిగెనో ఈ లెక్క చెప్పును.

ఈ విషయమున మన పల్లెలలో ఒక అలవాటు కలదు. విరిగిన పట్టీని కొలిమికి గొనిపోయి అతికించుట, లేక వెల్డింగు చేయించుట. నేటి ప్రసంగమున ఒక్క మాటయే గుర్తుంచుకొందుమనువారు ఇది గుర్తుంచుకొనుడు: విరిగిన కమాను పట్టీని అతుకరాదు, మార్చవలెను. కారణము వినుడు. కమాను ఉక్కు నాగటి కర్రువంటి సామాన్యపు ఇనుము కాదు. అందు కర్బనము నూటికి సుమారు 0.6 పాలు ఉండును. సిలికాను, మాంగనీసు, క్రోమియము వంటివియు వలసినంత కలుపుదురు. కర్మాగారమున దానిని 850 డిగ్రీల ప్రాంతము వరకు కాచి, నూనెలో ముంచి చల్లార్చుదురు. అప్పుడది గాజువలె పెళుసై యుండును. మరల 400 నుండి 500 డిగ్రీల వరకు నెమ్మదిగా కాచి, ఆ పెళుసుదనమును తగ్గించి, సాగుబలమును నిలుపుదురు. ఇదియే దాని స్థితిస్థాపకమునకు మూలము. కొలిమిలో ఎఱ్ఱగా కాల్చినంతనే ఈ సంస్కారము చెడును. వెల్డింగు చేసినచో అతుకు ప్రక్కన ఒక చోట గాజువలె పెళుసుగను, ఇంకొక చోట సీసమువలె మెత్తగను తయారగును. చూపునకు అతుకు గట్టిగా నుండును. కనుమ మలుపున బరువు ఒక ప్రక్కకు ఒరిగినపుడు అదే చోట తెగును. మన కమ్మరుల చేతిపనిని నేను తక్కువ చేయుటలేదు. కర్రు కాచి సాగగొట్టుట ఒక విద్య; కమానునకు నీరుపెట్టుట వేరొక విద్య. ఉష్ణమును కొలుచు సాధనము లేక రెండవది నమ్మరాదు.

అతుకు పని తప్ప తక్కిన పనిలో చాలభాగము ఓర్పుగల రైతు తన పెరటిలో చేసికొనదగినదే. ముందుగా రోగమును గుర్తించు విధము చెప్పెదను.

బండిని ఖాళీగా, సమమైన నేలపై నిలుపుడు. ప్రతి చక్రపు నడిమి నుండి నిట్టనిలువుగా పైనున్న మడ్‌గార్డు అంచువరకు ఒక పుల్లతో కొలువుడు. కుడి ఎడమల కొలత సమానముగా లేనిచో తగ్గిన ప్రక్క కట్ట కుంగినదో, విరిగినదో యని అనుమానింపవలెను. తరువాత కట్టను ఇనుప కుంచెతో తుడిచి, పట్టీ పట్టీని చూడుడు. అడ్డముగా సన్నని గీత యున్నను, దానినుండి ఎఱ్ఱని తుప్పు పొడి కారుచున్నను అది పగులే. పట్టీలు ఒకదానిపై నొకటి సరిగా నుండక ప్రక్కకు జరిగిన నడిమి బోల్టును శంకింపవలెను. చివరనున్న కన్నులలో గడ్డపార మొన పెట్టి మెల్లగా కదిపి చూచిన బుష్షుల అరుగుదల తెలియును. పిమ్మట బండి మూలను గట్టిగా క్రిందికి నొక్కి విడువుడు. ఒకటి రెండుమార్లు ఊగి నిలిచిన మంచిది. ఊయలవలె ఊగుచునే యున్నచో చెడినది కమాను కాదు, షాక్ అబ్జార్బరు. బరువును మోయునది కమాను. ఊపును అణచునది షాకు. ఈ భేదము తెలియక ఒకదానికి బదులు ఇంకొకటి మార్చి డబ్బు పోగొట్టుకొనువారు కలరు.

వలయు పనిముట్లు ఇవి: రెండు జాకీలు, సరియైన కొలత పానాలు, రింగు పానాలైన మేలు, సుత్తి, గడ్డపార, ఇనుప కుంచె, రెండు గట్టి సీ-క్లాంపులు, కిరసనాయిలు, సుద్దముక్క, నాలుగు లావాటి తుమ్మ లేక చింత మొద్దులు.

ఇక ప్రాణరక్షణ. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. జాకీమీద మాత్రమే నిలిచిన బండి క్రిందకు తల దూర్చినవాడు తన ఆయువును ఒక చిన్న మరకు అప్పగించినట్లే. ఎత్తిన వెంటనే బండి చట్రము క్రింద మొద్దులు పెట్టి, బరువును వానిమీదికి దింపవలెను. మన సీమలో నాపబండ చౌకగా దొరకును గదాయని దానిని ఆధారముగా పేర్చు అలవాటు కలదు. అది మానవలెను. నాపరాయి పొరలు పొరలుగా నుండును. పరచిన నేలమీద ఎంత బరువునైనను మోయును. నడుమ సందుండి పైన ఒకచోట బరువు పడిన చప్పున చిట్లును. ఇటుకలును అట్టివే. కఱ్ఱమొద్దు విరుగుటకు ముందు కిఱ్ఱుమని హెచ్చరించును, రాయి హెచ్చరింపదు. రేగడి నేలయైన జాకీ క్రింద వెడల్పుగల పలక వేయవలెను. లేనిచో జాకీ నేలలో దిగబడును.

వెనుక చక్రమునెత్తునపుడు ముందు చక్రములకు రెండువైపుల రాళ్ళు అడ్డుపెట్టుట మరువరాదు. చేతిబ్రేకు వేసితిమిగదా యనవచ్చును. కొన్ని పాత జీపులలో చేతిబ్రేకు చక్రములను కాక, ఇరుసునకు బలము గొనిపోవు కడ్డీని పట్టును. ఒక వెనుక చక్రము గాలిలోనికి లేచినచో, రెండవ చక్రము నేలమీద నున్నను అట్టి బ్రేకు బండిని ఆపజాలదు. మరియు చక్రపు నట్లను నేలమీద నున్నపుడే కొంచెము వదులు చేసికొని, తరువాత ఎత్తవలెను.

విప్పు క్రమము వినుడు. ముందునాటి రాత్రియే మరలన్నిటిని ఇనుప కుంచెతో శుభ్రపరచి కిరసనాయిలు పోసియుంచుడు. మరునాడు బండినెత్తి, చట్రమును మొద్దులపై నిలిపి, చక్రమును తీయుడు. రెండవ జాకీని ఇరుసు క్రింద పెట్టి, కమానుపై పైనుండి ఒత్తుడు గాని, క్రిందికి లాగుడు గాని లేనంతవరకు సవరించుడు. ఇది ముఖ్యము. బిగిసియున్న కమానును విప్పుట ఎక్కుపెట్టిన వింటినారిని కోయుట వంటిది. తరువాత షాకు క్రింది కొనను విడదీసి, యూ బోల్టుల నట్లను తీసి, పలకను తొలగింపుడు. కమాను ఇరుసునకు పైన నుండు బండ్లలో ఇరుసును కొంచెము దింపవలెను. క్రింద నుండు బండ్లలో కొంచెము ఎత్తవలెను. ఇరుసు బరువు బ్రేకు గొట్టముపై వ్రేలాడకుండ చూడుడు. చివరగా రెండు కొనల బోల్టులను, షాకిళ్ళను తీయుడు. కొన్ని పాత జీపుల షాకిళ్ళకు ఎడమమర కలదు. తిరుగని నట్టుపై బలము చూపుటకు ముందు మర ఏ వైపునకు పోవుచున్నదో కన్నులార చూడుడు.

కట్ట నేలకు దిగిన తరువాత సుద్దతో పట్టీలకు వరుస సంఖ్యలు వేసి, ముందువైపు ఏదో గుర్తిడుడు. ఉలితో గాటు పెట్టరాదు. ఉక్కు పగులు సన్నని గాటునుండియే మొదలగును. కట్టలోని పట్టీలు ఒకే వంపు గలవి కావు, పొట్టివానికి వంపెక్కువ. నడిమి బోల్టు వానిని బలవంతముగా కలిపి పట్టియున్నది. కావున దానిని తీయుటకు ముందు ఇరువైపుల క్లాంపులు బిగించి, బోల్టు తీసిన తరువాత వానిని కొద్దికొద్దిగా వదలవలెను. లేనిచో పట్టీలు ఎగిరి ముఖమునకు తగులును.

క్రొత్త పట్టీ కొనునపుడు విరిగిన దాని రెండు ముక్కలను వెంట గొనిపొండు. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి పట్టణములలో లారీ పనివారి వాడలు కలవు. పొడవు, వెడల్పు, వంపుతో పాటు మందమును తప్పక కొలిపింపుడు. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 7 మిల్లీమీటర్లది వేసిన బలము కొంచెమే పెరుగునని తోచును. లెక్క చూచిన ఆ పట్టీ బిగువు ఒకటిన్నర రెట్లకు మించును. కట్టతో పాటు తానును అంతే వంగవలసి వచ్చుటచే అది తక్కినవానికంటె ముందే విరుగును. మందమెక్కువైనది ముందు విరుగుట వింతగా తోచినను, ఇది నిజము. కన్నులుగల పెద్ద పట్టీ విరిగియున్నచో అప్పుడు బండిని పట్టణమునకు నడుపుకొనిపోవుట తగదు. ఏలయన ఇరుసును తన చోట నిలిపి యుంచునది అదే.

పట్టీలను కుంచెతో తోమి, తుప్పు పోగొట్టి, నడుమ గ్రాఫైటు గ్రీజును పలుచగా పూయవచ్చును. బండి ఇరుసునకు కందెన పోసినట్లు దట్టించరాదు. పట్టీల నడుమ రాపిడి కొంత ఊపును అణచుచుండును. రబ్బరు బుష్షులకు నూనె, గ్రీజు తగులరాదు. రబ్బరు ఉబ్బి చెడును. వానిని సబ్బునీటితో ఎక్కింపవలెను.

తిరిగి బిగించునపుడు నడిమి బోల్టు తల ఇరుసుపైనున్న గుంటలో సరిగా కూర్చుండవలెను. ఈ చిన్న తలయే ఇరుసు స్థానమును నిర్ణయించును. అది గుంట తప్పిన బండి కుక్కనడకవలె ఓరగా పోవును. అయినను బరువు పట్టునది నడిమి బోల్టు కాదు, యూ బోల్టులు. వానిని మూలకు మూల చొప్పున, కొద్దికొద్దిగా, నాలుగింటిని సమముగా బిగింపుడు. మర సాగిన పాత యూ బోల్టును మరల వాడరాదు. పట్టీలు విరుగుటకు నిజమైన కారణము పెక్కుమార్లు వదులైన యూ బోల్టే. పట్టు వదులైన యెడల నడిమి బోల్టు రంధ్రమువద్ద పట్టీ అటునిటు వంగి, అచ్చటనే తెగును.

ఎంత బిగింపవలెనో బండి పుస్తకమున చూడుడు. దానిని కొలుచు యంత్రము లేదని విచారింపవలదు. ధాన్యము, పత్తి తూచు కొక్కెపు త్రాసు మీ యింట నుండును. పుస్తకమున 7 కిలోగ్రాము-మీటర్లని యున్నచో, అర మీటరు పొడవుగల పానా చివరకు త్రాసు కొక్కెము తగిలించి, పిడికి లంబముగా లాగుడు. ముల్లు 14 కిలోలు చూపినపుడు సరియైన బిగువు. ఆ త్రాసులోనిదియు హుక్కు చెప్పిన స్థితిస్థాపకమే.

రబ్బరు బుష్షులున్న కొనల బోల్టులను బండి బరువు చక్రములపై పడిన తరువాతనే కడపటి బిగింపు చేయవలెను. గాలిలో బిగించిన రబ్బరు దినమెల్ల మెలిపడి త్వరలో చినుగును. పిమ్మట ఒక త్రాడుతో ముందు చక్రపు నడిమి నుండి వెనుక చక్రపు నడిమికి రెండు ప్రక్కల కొలిచి, సమానముగా నున్నవో లేవో చూడుడు. 100 కిలోమీటర్లు నడచిన తరువాత ఒకమారు, 500 నడచిన తరువాత ఇంకొకమారు యూ బోల్టులను తప్పక బిగింపుడు. క్రొత్త పట్టీలు ఒకదానిపై నొకటి కుదురుకొన్నకొలది పట్టు కొంత వదులగును.

చేయి ఆపవలసిన తావులు కూడ చెప్పెదను. నేటి కార్లకు ముందువైపున చుట్ట స్ప్రింగు బిగిసియుండును. తగిన సాధనము లేక విప్పిన అది తుపాకి గుండువలె ఎగురును. అంబాసిడరు ముందు చక్రములకు మెలిపడు ఉక్కు కడ్డీలు ఆధారము, అవియు అట్టివే. చట్రముననే పగులున్నను, స్టీరింగు భాగములు వదులైనను, బ్రేకు గొట్టము విప్పవలసి వచ్చినను పని తెలిసిన మెకానికు వద్దకు పోవుటే బుద్ధిమంతుల లక్షణము.

పెద్దలారా! మరమ్మతు ఎంత చక్కగా చేసినను, కమాను తన హద్దులోనే మోయును. పెండ్లికో తిరునాళ్ళకో పోవునపుడు ఎనిమిదిమందికై చేసిన బండిలో పదునెనమండుగురు ఎక్కి, వెనుక ఇంకను నలుగురు వ్రేలాడుట మనకు కొత్త కాదు. ఆ దినమున ఏమియు జరుగకపోవచ్చును. కాని పట్టీలో సన్నని పగులు ఆనాడే పుట్టి, ఏ ప్రసవవేదన పడుచున్న ఆడపడుచునో రాత్రివేళ ఆసుపత్రికి గొనిపోవునపుడు పూర్తిగా తెగును. పగులు చేసినవారొకరు, ఫలము అనుభవించువారు వేరొకరు. బండి తోలువాడు కుఱ్ఱవాడు. బంధువుల మాట కాదనలేడు. బండి ముందు నిలిచి, ఇంతమంది చాలునని చెప్పగల మాట పెద్దలదే. విరిగిన పట్టీ మారువరకు ఈ బండి కదలరాదని నిలుపగలవారును మీరే.

కావున నెలకొకమారైనను ఒక కుంచెయు, ఒక పానాయు చేతబట్టి మీ పిల్లలచేత బండి అడుగుభాగమును చూపింపుడు. అరగంట పనికి మించదు. ఎద్దుల గిట్టలకు లాడములు చూచుకొనిన ఇండ్లకు ఈ పాటి శ్రద్ధ కొత్తది కాదు.

స్వస్తి.